అక్క పళ్ళు అక్కవే

ఆ ఆదివారం భోజనాల దగ్గర విమలక్క ఆవకాయ టెంకను ఉమ్మేసింది. తనకేదో బాధగా ఉందని మాకు కనిపించిన మొదటి లక్షణం అదే. అమ్మ టెంకను చేత్తో పట్టుకుంటే, అక్క దాని పీచు కొరుకుతూ ఎంతసేపైనా కూర్చునేది. అన్నం వద్దన్న రోజులున్నాయి గాని, టెంక వద్దన్న రోజు లేదు.

అక్కకు పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. మాట లేదు, కాళ్ళూ చేతులూ స్వాధీనంలో ఉండవు. అర్థం మాత్రం అన్నీ అవుతాయి. అవునంటే కళ్ళు పైకెత్తుతుంది, కాదంటే గట్టిగా మూసుకుంటుంది. నాన్న పోయాక కోర్టు నన్ను ఆమెకు లీగల్ గార్డియన్‌గా నియమించింది. ఎనభైల మొదట్లో మాట ఇది. అమెరికాలో, శాంటా క్లారాలో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరుగా నాకప్పుడు కొత్త ఉద్యోగం.

ఆ రోజు నొప్పి ఎక్కడని వరసగా అడిగాను. "తలా? చెవా? గొంతా?" అన్నిటికీ కళ్ళు మూసుకుంది. "పన్నా?" కళ్ళు పైకి లేచాయి. "ఎడమవైపా? కిందా?" మళ్ళీ లేచాయి.

ఎమర్జెన్సీలో డాక్టరుకి ఇదంతా చెప్పాను. ఆయన అక్క నోరు తెరిపించలేదు. అమ్మవైపు తిరిగి, "వాట్ ఈజ్ హర్ మెంటల్ ఏజ్?" అన్నాడు. అక్క మూలుగుతుంటే, "ఇట్స్ బిహేవియరల్. ఇలాంటివాళ్ళలో మామూలే" అని వేలియం రాసి పంపేశాడు. పంటి నొప్పికి మత్తుమందు! నేనే దవడ పట్టుకుని వెళ్తే, లైటు వేసి చూడకుండా పంపేవాడా?

ఆ మత్తులో అక్క నీళ్ళు కూడా మింగలేకపోయింది. దవడ వాచింది, జ్వరం వచ్చింది. అప్పుడు అడ్మిట్ చేసుకుని, ఐవీ యాంటీబయాటిక్స్ పెట్టి, ఎక్స్‌రే తీశారు. కింద ఎడమవైపు దవడ పన్ను మొదట్లో యాబ్సెస్, అంటే చీము గడ్డ. అక్క చెప్పిన చోటే.

ఓరల్ సర్జన్ వచ్చి, మంచం పక్కన నిలబడి, అక్క తల మీదుగా నాతో మాట్లాడాడు. "జనరల్ అనస్థీషియా ఎలాగూ ఇస్తున్నాం. పళ్ళన్నీ తీసేద్దాం."

"మిగతా పళ్ళకేమైంది?"

"రెండింటికి ఫిల్లింగ్ చాలు. కానీ తీసేస్తే మీ అమ్మగారికి తోమే పని తప్పుతుంది. షీ వోంట్ మిస్ దెమ్."

అమ్మ నన్ను చెయ్యి పట్టి లాగింది. "పెద్ద డాక్టరు చెప్తున్నాడు కదరా, సంతకం పెట్టెయ్. రేపు నేను పోయాక దీని పళ్ళు ఎవరు తోముతారు? నీకొచ్చే పెళ్ళామా?"

"నేనే తోముతానమ్మా."

"ముందు నీవి సరిగ్గా తోముకో, చాలు."

అంత జ్వరంలోనూ అక్కకు నవ్వొచ్చింది. నవ్వితే దవడ లాగి, వెంటనే ఏడ్చింది. సర్జన్ అది చూసి కూడా ఆమెకు అర్థమవుతోందని అనుకోలేదు.

ఆయన ఎదుటే అడిగాను. "అక్కా, పాడైన పన్ను తీయించేద్దామా?" కళ్ళు పైకి. "అన్నీ తీయించేద్దామా?" కనుబొమలు ముడిపడేంత గట్టిగా మూసుకుంది.

"మీ గొంతును బట్టి రియాక్ట్ అవుతోందంతే."

"అయితే మీరే అడగండి. తనకి ఇంగ్లీష్ వచ్చు. టీవీలో గేమ్ షోలన్నీ చూస్తుంది."

ఆయన వాచీ చూసుకున్నాడు. అడగలేదు. ఒక్క వాక్యం అడగడానికి ఎంతసేపు పడుతుంది?

ఒక చిప్ కాలిపోతే బోర్డు మీద మిగతా చిప్పులు మేం పీకెయ్యం. కన్సెంట్ ఫారంలో "పళ్ళన్నీ" అన్నది కొట్టేసి, పాడైన పన్ను ఒక్కటే రాసి సంతకం చేశాను. "వేరే సర్జన్‌ని చూసుకోండి" అని ఆయన వెళ్ళిపోయాడు. ఇంకొకరు దొరికేదాకా నొప్పి భరించింది మాత్రం అక్క. చార్టులో మమ్మల్ని "సహకరించని కుటుంబం" అని రాశారట, నర్సు చెప్పింది.

తర్వాత వచ్చిన సర్జన్ ఒక ఆవిడ. నా వంక చూడకుండా, కుర్చీ లాక్కుని అక్క ముఖానికి ఎదురుగా కూర్చుంది. "విమలా, నీ నోట్లో చూడొచ్చా?" అంది. అక్క కళ్ళు ఎంత పైకి లేచాయంటే, తెల్లగుడ్లే కనిపించాయి.

ఒక్క పన్నే తీశారు, రెండు ఫిల్లింగులు చేశారు. ఇంటికొచ్చాక పన్ను తీసిన గుంట మానక, డ్రై సాకెట్ అయి మళ్ళీ నొప్పి మొదలైంది. ఈసారి అక్క చెప్పగానే ఆవిడ నమ్మి, అదే రోజు డ్రెస్సింగ్ చేసింది.

అప్పట్నుంచి పొద్దున అమ్మ తోమేది, రాత్రి నేను. అప్పుడప్పుడు అక్క నా వేలు కొరికేది, పొరపాటున కాదని నా అనుమానం.

మాట్లాడలేని మనిషి తరఫున మీరు సంతకం పెట్టాల్సి వస్తే, ముందు ఆ మనిషినే అడగండి, డాక్టరు ఎదుటే అడగండి. అవునో కాదో చెప్పే దారి ప్రతివాళ్ళకీ ఒకటి ఉంటుంది. అది మీకు తెలుసు, ఆస్పత్రికి తెలియదు.

నోరు మానిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం, అక్క కొరికి కొరికి ఆవకాయ టెంక తెల్లగా పాలిపోయింది. "ఇంకేముంది అందులో, పారేయనా అక్కా?" అన్నాను.

కళ్ళు గట్టిగా మూసుకుంది.