రంగు మాత్రం ముట్టుకోకు

అనుమానం మనిషికి పుట్టుకతో రాదు, ఉద్యోగంతో వస్తుంది. ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేరేదాకా నేను ఎవరేం చెప్పినా తలూపి నమ్మేసే రకాన్నే. చేరిన మొదటిరోజే మా పెద్ద గుమాస్తాగారు ఒక ఎర్రటి మిరపకాయ నా చేతిలో పెట్టి, "ఎట్టా ఉంది?" అన్నారు. "చాలా బాగుందండీ, నిగనిగలాడుతోంది" అన్నాను. ఆయన ఒక తడిగుడ్డలో ఆ కాయని చుట్టి ఒక్క నలుపు నలిపారు. గుడ్డ ఎర్రబడింది, కాయ పాలిపోయింది. "నిగనిగలాడిందంటేనే అనుమానించాలయ్యా. లోపల తాలు ఉన్నోడే పైన రంగేస్తాడు" అన్నారు. (తాలు అంటే సరిగ్గా పండక తెల్లగా పాలిపోయిన కాయ. యార్డులో మాకు అంతకు మించిన తిట్టు లేదు. పనికిమాలిన మనిషిని కూడా తాలుగాడనే అనేవాళ్ళం.) ఆ పాఠం నాకు ఎంత బాగా ఒంటబట్టిందంటే, ఆర్నెల్లు తిరిగేసరికి హోటల్లో ఇడ్లీ మరీ తెల్లగా ఉన్నా అనుమానమే, పక్కింటావిడ నవ్వుతూ పలకరించినా అనుమానమే. మా అమ్మ ఉత్తరంలో "అందరం కులాసా" అని రాస్తే, ఎవరికో ఒంట్లో బాగాలేదన్న మాట దాచిపెట్టిందని సెలవు పెట్టి మరీ ఊరెళ్ళి చూసొచ్చాను.

అలాంటి రోజుల్లో నాకొక మోటారు సైకిలు వచ్చింది. అది మా మావయ్యది. ఆయన మా అమ్మకి అన్న, ఒంగోల్లో మిషన్ స్కూలు టీచరు, నన్ను డిగ్రీ దాకా చదివించిన మనిషి. ఆయన నోట అబద్ధం రావడం మా ఇంటావంటా ఎవరూ ఎరగరు. హాజరు పట్టీలో ఒక పిల్లవాడికి పొరపాటున హాజరు వేశానేమోనని వాడి ఊరిదాకా వెళ్ళి కనుక్కొచ్చినవాడు. బండి అంతకుముందు ఒక తెల్ల పాదిరిగారిది. ఆయన తన దేశం వెళ్ళిపోతూ మావయ్యకి ఇచ్చేసి వెళ్ళాడట. నల్లటి ఒళ్ళు, ట్యాంకుకి రెండువైపులా వెంట్రుకలాంటి సన్నటి బంగారు గీత. స్టార్ట్ చేస్తే నాలుగు వీధుల అవతల కుక్కలు లేచేవి. మోకాళ్ళ నొప్పులతో ఇక కిక్కు కొట్టలేననుకున్నాక మావయ్య నన్ను పిలిచి తాళం చేతిలో పెట్టాడు. "ఇంజను విప్పుకుంటావో సీటు మార్చుకుంటావో నీ ఇష్టంరా అబ్బాయ్. రంగు మాత్రం ముట్టుకోకు. అది కంపెనీ రంగు" అన్నాడు. అని ఊరుకుంటే బాగుండేది. గేటు దాకా వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఏమన్నా చేసుకో, రంగు మాత్రం ముట్టుకోకు" అని మళ్ళీ అన్నాడు.

మిర్చి యార్డులో పనిచేసేవాడికి చెప్పాల్సిన మాటా అది? ఇంజను విప్పినా ఫరవాలేదట గానీ పైన రంగు కదపకూడదట! ఒంగోలు నుంచి గుంటూరు వచ్చే దారిపొడుగునా ఆ మాటే నా బుర్రలో తిరిగింది.

నా గదిలో నాతోపాటు ఉండే స్నేహితుణ్ణి మేమంతా స్టైలు అనేవాళ్ళం (లోకం బెల్ బాటం ప్యాంట్లు వదిలేసి చాలా రోజులైనా అతను మాత్రం వదల్లేదు). బండిని చూడగానే స్టైలు దాని చుట్టూ తిరిగి, "ఒరేయ్, దీనికి ఎర్రరంగు కొట్టించు. హ్యాండిలు ఎద్దుకొమ్ముల్లాగా పైకి లేపు. పొడుగు సీటెయ్యి. ట్యాంకు మీద మంటలు గీయించు. ఆ కొత్త జపాన్ బళ్ళోళ్ళంతా నీ ఎనకమాల పడిపోవాల" అన్నాడు. నా బండి మీద వీడికింత శ్రద్ధ ఎందుకా అని నాకు వెంటనే అనుమానం వచ్చింది. (మంటలు గీయించాక శనాదివారాలు బండి తనకివ్వాలని ఆ వారంలోనే అడిగాడు.) కానీ నిజం చెప్పొద్దూ, ఎర్రరంగు మీద నాకూ మోజుగానే ఉంది. కొట్లో వాళ్ళు దాన్ని బొగ్గుల బండి అంటున్నారు. మా వీధి టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద నిలబడే అమ్మాయిలు దాని చప్పుడుకి చెవులు మూసుకుంటున్నారు. ఎర్రరంగు వేస్తే చెవులు మూసుకున్నా కళ్ళు తెరుస్తారన్నది నా లెక్క.

సరే, అడిగి చూద్దామని ఊరిచివర లారీలకు రంగులేసే షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడి పెయింటరు పెద్దాయన. బండి పక్కన గొంతుక్కూర్చుని ట్యాంకు మీది బంగారు గీతని చాలాసేపు చూశాడు. "రంగెయ్యటం ఎంతసేపు బాబూ. కానీ ఈ గీత పోద్ది. ఇంత సన్న గీత చేత్తో గీసేవోళ్ళు ఇప్పుడు లేరు. నేనైతే ముట్టుకోను" అన్నాడు.

"చేత్తో గీసిందేంటి? అది కంపెనీ గీత" అన్నాను.

ఆయన నవ్వాడు. "కంపెనీదని ఎవురు చెప్పారు బాబూ మీకు?"

ఇంకేముంది! పని వద్దనే పెయింటర్ని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఈయన బండి మీద కన్నేసి, రంగు వేయకుండా అట్టేపెట్టించి, నేను విసిగిపోయాక తనే కొట్టేద్దామనుకుంటూ ఉండాలి. లేదా ఈయన చెప్పింది నిజమై ఉండాలి. ఈయన చెప్పింది నిజమైతే మా మావయ్య చెప్పింది అబద్ధం. రెండింట్లో ఏది నమ్మాలో తేలక, నేను నేర్చిన ఒకే ఒక్క విద్యని ఆశ్రయించాను. ఆదివారం పొద్దున బండిని గది ముందు నిలబెట్టి ట్యాంకుని తడిగుడ్డతో రుద్దాను. ఏమీ రాలేదు. కిరసనాయిలు పెట్టి తుడిచాను. గుడ్డకి కొంచెం నలుపు అంటింది. అంతే, నాకు పూనకం వచ్చింది. పావలా బిళ్ళ తీసుకుని కుడివైపున, చిటికెన వేలి గోరంత మేర గీకి చూద్దామనుకున్నాను. నలుపు లేచింది. కింద ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ ఎంతదూరం ఉందో చూద్దామని ఇంకొంచెం గీకాను. గోరంత కాస్తా బెత్తెడైంది. చూసుకునేసరికి కుడివైపు బంగారు గీత మధ్యలో తెగిపోయి ఉంది.

స్టైలు వచ్చి చూసి గుండె మీద చెయ్యేసుకున్నాడు. "మిలట్రీ రంగురా ఇది! సైన్యం బండి! దీన్ని కొట్టుకొచ్చినోణ్ణి ఏం చేస్తారో తెలుసా? కాల్చేస్తారు."

"కొట్టుకొచ్చింది నేను కాదుగా."

"తొక్కేది నువ్వేగా!"

స్టైలు మాటలకి భయం వేసిన మాట నిజమే. భయం కన్నా బాధ ఎక్కువైంది. ఈ లోకంలో తడిగుడ్డతో తుడవక్కర్లేని మనిషి ఒక్కడున్నాడనుకుని బతుకుతున్నాను. ఆయన కూడా పైన రంగేసినవాడేనా? ఆ వారమంతా కొట్లో మంచి కాయకీ తాలు కాయకీ తేడా తెలియకుండా పనిచేసి పెద్ద గుమాస్తాగారితో నానా తిట్లూ తిన్నాను. ఎర్రరంగు కొట్టించేస్తే నేను గీకినదీ కప్పబడిపోతుంది, ఆకుపచ్చా కప్పబడిపోతుంది, మావయ్యని అడగాల్సిన పనీ తప్పుతుంది. స్టైలు సలహా కూడా అదే. రెండుసార్లు షెడ్డు దాకా వెళ్ళాను కూడా. కానీ వెళ్ళిన రెండుసార్లూ, ఇప్పుడు లోపలిది దాచి పైన రంగేసేవాణ్ణి నేనే అవుతాను కదా అనిపించి వెనక్కి తిరిగాను. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి, ఏమైతే అయిందని ట్యాంకుకి ఒక తువ్వాలు చుట్టి ఒంగోలు బయల్దేరాను. చిలకలూరిపేట దాటాక రోడ్డుకి రెండువైపులా పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. అంత తెలుపుని చూసినా ఆ రోజు నాకు మంచి ఆలోచన ఒక్కటీ రాలేదు.

నేను వెళ్ళేసరికి మావయ్యా అత్తయ్యా చర్చి నుంచి వచ్చి ఉన్నారు. మావయ్య బండిని చూసి, "ట్యాంకుకి తువ్వాలేంటిరా? జలుబు చేసిందా?" అన్నాడు.

"ఎండకి కాలుతోంది మావయ్యా."

అత్తయ్య కోడికూర వడ్డించి బయట ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళింది. అదను చూసి నేను యార్డు పద్ధతిలో కూపీ మొదలుపెట్టాను. "మావయ్యా, పాదిరిగారు ఎప్పుడన్నా మిలట్రీలో పనిచేశాడా?"

"పాదిరికి మిలట్రీలో ఏం పనిరా?"

"అంటే... బండి కాగితాలూ అవీ ఉన్నాయా అని."

"పెట్టెలో ఉన్నాయి. ముందు తిను" అన్నాడు. ఆయన చెయ్యి మాత్రం పళ్ళెంలో ఆగిపోయింది. నేను గమనించకపోతానా? ఇంతలో బయటి నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఇది మా తువ్వాలే గదరా, పోయినసారి పట్టకపోయావు! దీనికి చుట్టావేంది?" అంటూనే తువ్వాలు లాగేసినట్టుంది. "ఏవండీ, ఒకసారి ఇట్రండి. నా గీత ఎవరో గీకేశారు."

'నా గీత' అన్న మాట విని నేను ముద్ద పళ్ళెంలోనే వదిలేసి లేచాను. మావయ్య ఎంగిలి చేత్తోనే బయటికి వచ్చాడు. ఆకుపచ్చ చూశాడు. చూసి, నావైపు కాదు, వీధివైపు చూశాడు. "ఎవరన్నా చూశారా?" అన్నాడు మెల్లిగా.

నా అనుమానం నూటికి నూరుపాళ్ళూ నిజమని తేలిపోయింది. "నిజం చెప్పు మావయ్యా. ఇది దొంగ బండేనా?" అన్నాను. నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది.

"బండి దొంగది కాదురా! యుద్ధం అయిపోయాక మిలట్రీవాళ్ళు వేలం వేస్తే పాదిరిగారు కొనుక్కున్నాడు. రంగే..." అని మావయ్య ఆగిపోయి అత్తయ్య మొహంలోకి చూశాడు.

అప్పుడు బయటపడింది అసలు కథ. అత్తయ్య చేతిరాత ముత్యాల్లా ఉండేదని, చుట్టుపక్కల ఊళ్ళలో కొత్త చర్చి కడితే గోడ మీద బైబిలు వాక్యాలు ఆవిడ చేతనే రాయించుకునేవారని నాకు అంతకుముందు తెలియదు. నల్లటి అక్షరాలు, చుట్టూ బంగారు అంచు. మావయ్య ఈ బండి మీద ఆవిడనీ రంగు డబ్బాలనీ ఎక్కించుకుని ఊరూరా తిప్పేవాడు. ఒక చర్చిలో పని అయిపోయాక అరడబ్బా నలుపు, అడుగున కాస్త బంగారు రంగు మిగిలాయి. అత్తయ్య అవి ఇంటికి తెచ్చి, అప్పటికే రంగు వెలిసిపోయిన ఈ ఆకుపచ్చ బండికి తనే నలుపు వేసి తనే గీతలు గీసింది. ఆ డబ్బాలు ఎవర్నీ అడక్కుండా తెచ్చిందేమోనని మావయ్యకి అనుమానం. అడిగితే నిజం చెబుతుంది, నిజం తెలిస్తే తిరిగి ఇచ్చెయ్యాలి, బండికి వేసేసిన రంగు ఎలా తిరిగి ఇస్తాం? అందుకని అడగలేదు. ఎవరు అడిగినా కంపెనీ రంగని చెప్పుకొచ్చాడు. పాతికేళ్ళు! ఎవరన్నా గీకితే కింద ఆకుపచ్చ కనపడి, ఈ నలుపు ఎక్కడిదన్న మాట వస్తుందని నాకు అన్ని జాగ్రత్తలు చెప్పాడు.

అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆ చర్చి పాస్టరమ్మగారే ఇచ్చిందండీ! ఎండిపోతాయి, తీసకపోమ్మా అని ఆవిడే నా చేతిలో పెట్టింది!"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరడిగితేగా! అంటే పాతికేళ్ళుగా నన్ను రంగుడబ్బా దొంగననుకుంటా నా చేతి కూడు తిన్నారా?"

"అనుకున్నాను కాబట్టేగా అబద్ధాలాడింది! నా కోసమైతే ఆడేవాణ్ణా?" అన్నాడు మావయ్య.

అత్తయ్య విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. మావయ్య ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా అలాగే నిలబడ్డాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన పాతికేళ్ళు ఒక అనుమానాన్ని కడుపులో పెట్టుకుని దాని మీద ఈగ వాలకుండా కాపాడాడు. నేను వారం రోజుల అనుమానాన్ని ఓర్చుకోలేక పావలా బిళ్ళతో గీకేశాను.

కాసేపటికి అత్తయ్య రెండు చిన్న డబ్బాలతో, సన్నటి కుంచెతో వచ్చింది. సండే స్కూలు బోర్డుకని దాచుకున్న రంగులట. నా చేత గరుకు కాగితంతో రుద్దించి నలుపు వేయించింది. అది ఆరాక కళ్ళజోడు సవరించుకుని, పీట వేసుకుని కూర్చుని, ఊపిరి బిగబట్టి కుంచె లాగింది. గీత సగం దాకా బాగానే వచ్చింది. ఆ తరవాత చెయ్యి వణికింది. ఆపి, మళ్ళీ లాగింది. మళ్ళీ వణికింది. ఎడమవైపు చూస్తే దారం పట్టి గీసినట్టున్న గీత, కుడివైపు రెండుచోట్ల మెలిక పడిన గీత. ఆవిడ కుంచె కింద పెట్టి, మావయ్యవైపు చూడకుండా, "ఎట్టా ఉంది?" అని అడిగింది. మావయ్య వంగి ఒక పక్క చూశాడు, లేచి వెళ్ళి రెండో పక్క చూశాడు. "అచ్చం కంపెనీ గీతలాగుంది" అన్నాడు. అత్తయ్య పొద్దుటి నుంచీ మొదటిసారి నవ్వింది.

నేను ఎర్రరంగు సంగతి ఎత్తలేదు. గుంటూరు వచ్చాక స్టైలు ఆ వంకర గీతని సరిచేయిస్తానని ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. అన్న ప్రతిసారీ నేను బండి తాళం జేబులోకి తోసుకున్నాను.

మావయ్యా అత్తయ్యా పోయి చాలా ఏళ్ళయింది. బండి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈమధ్య పాత బళ్ళు బాగుచేసే కుర్రాడు ఒకతను చూడ్డానికి వచ్చాడు. చాలాసేపు పరీక్షించి, "ఎడమవైపు గీత ఒరిజినల్ సార్. కుడివైపుది డూప్లికేట్. తీసేసి ఎడమవైపులాగా గీయించేస్తాను" అన్నాడు. రెండూ ఒకే మనిషి గీసినవని చెప్పాను. ఒకే చేతికి ఇంత తేడా ఎలా వస్తుందండీ అన్నాడు. మధ్యలో పాతికేళ్ళున్నాయి అన్నాను. అతను నమ్మలేదు. ఈ ముసలాయన ఏదో దాస్తున్నాడన్నట్టు నావైపు చూసి వెళ్ళిపోయాడు. నాకు కోపం రాలేదు సరికదా, అతని వయసులో ఉన్న నేను గుర్తొచ్చి నవ్వొచ్చింది. అతను వెళ్ళాక కుడివైపు గీత మీద వేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిపి చూశాను. వణుకు రెండుచోట్లే ఉండాలి. నా ముసలి వేలికి మాత్రం గీత పొడుగునా తగిలింది.