మెల్లగా వచ్చిన నిమ్మగడ్డి వాసన

నా భార్య సునీత చివరి రోజున బస్సులు లేవు. తెలంగాణ బంద్. ఆమె ఎల్బీనగర్‌లో ఒక దవాఖానలో ఉంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. వార్డులో ఫినాయిల్ వాసనకు ఆమెకు వాంతులు, నిమ్మగడ్డి వాసన కావాలంది. రుమాలు మీద వేసిన నూనె చుక్క గంటలో ఎగిరిపోతుంది. అందుకని రొయ్య పెంకుల నుంచి తీసే పాలిమర్‌తో, కంటికి కనబడని రేణువుల్లో ఆ నూనెను బంధించాను. మూడు రోజులు కొంచెం కొంచెంగా వదలాలి. రేణువుల పైన అంటిన నూనె ఒకేసారి పోయి, ఏ రోజు ఎంత వదలాలో గీసుకున్న గ్రాఫ్ పాడు చేస్తుందని రెండుసార్లు కడిగేశాను.

ఉదయం ఏడింటికి కాలేజీ ల్యాబ్‌లో ఆ రేణువులు నీళ్లలో కలిపిన సీసా తీసుకొని బయల్దేరాను. షేర్ ఆటోకు మామూలుగా పది రూపాయలు. ఆ రోజు ఉన్న ఒక్క ఆటో అతను నూటయాభై అడిగి, "కొత్తపేట కాడ ఆపేస్తరు సార్" అని తనే చెప్పాడు. నడిచాను. చైతన్యపురి దాటాక రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పులిహోర కలుపుతున్న ఒకామె ఆపింది.

"యాడికి సారూ?"

"దవాఖానకు. నా భార్యకు నిమ్మగడ్డి నూనె."

సీసా మూత తీసి వాసన చూసింది. "వాసనేది? నీళ్లు పోసిచ్చి నిన్ను మంచిగ ముంచిన్రు!"

పక్కనున్నవాళ్లు నవ్వారు. "మెల్లగా వస్తుందమ్మా" అన్నాను.

"ఇయ్యాల్నే వస్తదా?"

సీసా తీసుకొని మూత బిగించాను. ఆమె అడ్డంగా ఉన్న బండిని జరిపించి, "జల్ది పో" అంది. వెనక్కి అరగంట నడిస్తే ల్యాబ్‌లో ఉత్త నూనె సీసా ఉంది. వెళ్లలేదు.

ఎనిమిదింబావుకు చేరాను. సీసాలోది రుమాలు మీద వేసిచ్చాను. సునీత ముక్కు దగ్గర పెట్టుకుంది. "గిది నీళ్లే."

"మెల్లగ వస్తది."

"నీయన్నీ మెల్లగనే" అని నవ్వింది. పక్క మంచం మీది యాదమ్మ, "నాకు గూడ జర పెట్టు బిడ్డా" అంది. వాసన మొదలయ్యాక ఇస్తానన్నాను. సునీత ఇంకో రెండుసార్లు వాసన చూసింది. సాయంత్రం నాలుగింటికి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో, దవాఖాన నుంచి తెచ్చిన సంచి తెరిస్తే రుమాలు నుంచి నిమ్మగడ్డి వాసన. గ్రాఫ్‌లో గీసినట్టే మూడు రోజులు ఉంది. ఆమె అడిగింది నేను కడిగి పారబోసిన నూనె.

బంద్ రోజు ఈ దారిన వెళ్లేవాళ్లు ఏడింటిలోపే మెయిన్ రోడ్డు పట్టుకొని నడవండి. దవాఖానకని చెబితే దారిస్తారు. రేపు మళ్లీ బంద్. యాదమ్మ ఇంకా అదే మంచం మీద ఉందట. రేపు ఉదయం ఆరింటికి ఉత్త నూనె సీసాతో బయల్దేరుతాను.