గడప దగ్గర కూర్చోబెట్టిన కంప్యూటర్

కుముషాయ్ మొండిదని బోజ్‌కియాలో ఎవరినడిగినా చెబుతారు. నరీన్ పట్నానికి ఎగువన, కనుమ దాటాక వచ్చే ఆఖరి ఊరది. ఆ ఊరి వైద్యశాల అంటే కుముషాయ్ ఇంట్లోనే ముందుగది. అక్కడ మందులిచ్చేదీ ఆమే, పురుడు పోసేదీ ఆమే, పొయ్యిలో పిడకలు వేసేదీ ఆమే. చదువు ప్రకారం చూస్తే డాక్టరుకు ఒక మెట్టు కింద. మంచు పడి కనుమ మూసుకుపోయాక ఆ మెట్టు సంగతి ఎవడికి కావాలి?

ఆ ముందుగదిలో ఒక కంప్యూటర్ ఉంది. అది వచ్చిన రోజు ఊరంతా చూడ్డానికి వచ్చింది. వచ్చినవాళ్లందరికీ టీ, నూనెలో వేయించిన బూర్సోకులనే పిండిముద్దలు పెట్టింది కుముషాయ్. తలుపుకు ఎదురుగా, పెద్దవాళ్లనూ చుట్టాలనూ కూర్చోబెట్టే చోటే దానికీ ఇచ్చింది. కింద మందపాటి ఉన్ని పరుపు వేసింది. అత్తగారు బతికుండగా పొట్టేలు కొమ్ముల ముగ్గు కుట్టి ఉన్ని తొడుగొకటి చేసిచ్చింది. ఆ ఊళ్లో ముద్దొచ్చిన ప్రతిదాన్నీ ఉన్నిలో చుడతారు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను చుడతారు, టీ కెటిల్‌ను చుడతారు, పసిపిల్లను చుడతారు. కంప్యూటర్ ఏం పాపం చేసిందని వదిలేస్తారు?

అలా ఏళ్ల తరబడి అది హాయిగానే కాలక్షేపం చేసింది. మధ్యమధ్యలో నిద్రపోయేది, ఒక్కోసారి మాట్లాడకుండా ఆగిపోయేది. పెద్దవయసు కదా అని కుముషాయ్ సరిపెట్టుకునేది.

చిక్కంతా ఈ శరత్తులో వచ్చింది. గర్భిణి పొట్టమీద పెట్టే కొత్త పరికరం ఒకటి ఊరికి చేరింది. దాని తీగ కంప్యూటర్‌కు తగిలిస్తే లోపలి బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తుంది, తెరమీద గీతలా కనిపిస్తుంది. ఆ గీతనే కింద పట్నంలో డాక్టర్ ఎసెన్‌బెక్ అదే క్షణంలో చూస్తాడు. ఫోన్‌లో అయితే డాక్టర్ మొహం కనిపిస్తుంది గానీ బిడ్డ గుండె అతనికి వినిపించదు. అంత మంచి పరికరాన్ని తగిలిస్తే ఈ పాత కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టనే లేదు. ఇందులో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ మరీ పాతది, కొత్తది ఎక్కించాలి అన్నాడు ఎసెన్‌బెక్. అది కుదరకపోతే కనుమ మూసుకునేలోపు జిపార్‌ను పట్నానికి దింపేయమన్నాడు.

జిపార్ అంటే కుముషాయ్ బడి నేస్తం సాయ్‌రాకాన్ కోడలు. పోయిన చలికాలం ఆ పిల్ల మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. కుముషాయ్ చెక్కగొట్టం పొట్టకు ఆనించి విన్నప్పుడు చప్పుడు సన్నగా ఉన్నట్టే అనిపించింది. అవునో కాదో విని చెప్పడానికి ఇంకో మనిషి లేడు. ఆ సంగతి గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ ముద్ద దిగదు.

ఎసెన్‌బెక్ మాట చెప్పగానే జిపార్ తల వంచుకుని కూర్చుంది.

"అక్కా, అక్కడ పరాయి గదిలో పడుకుని పొద్దస్తమానం పోయినేడాదే తలుచుకుంటూ ఉండలేను. ఈసారి కూడా మీ చేతుల్లోనే కావాలి నాకు," అంది.

పోయినేడాది తర్వాత కూడా తన చేతులే కావాలంటున్న ఆ పిల్లను చూసి కుముషాయ్ గుండె నీరైపోయింది. సరే, మార్చేద్దాం అనేసింది. కంప్యూటర్ సిస్టమ్ మార్చడమంటే ఏమిటో ఆమెకు బొత్తిగా తెలియదు. అనేశాక మాత్రం వెనక్కి తీసుకునే రకం కాదు.

పట్నానికి వ్యాను తోలే బెక్తెమిర్ సైన్యంలో రేడియో పని చేసొచ్చిన మనిషి. అతనే కొత్త సిస్టమ్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో వేయించి తెచ్చాడు. ముందు రోగుల వివరాలన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించిపెట్టాడు. తర్వాత ఏది నొక్కాలో, దేన్ని ముట్టుకోకూడదో రెండుసార్లు చెప్పి, ఇక గంటన్నరలో అయిపోతుందని భరోసా ఇచ్చి వెళ్లిపోయాడు. కుముషాయ్ చేతులు కడుక్కుని, పురుటికి కూర్చున్నట్టు కూర్చుని మొదలుపెట్టింది. తెరమీద నీలం పట్టీ కదిలింది. మెల్లగా సగం దాకా వచ్చింది. అక్కడ టప్పున తెర నల్లబడిపోయింది.

మళ్లీ ఆన్ చేస్తే కొత్తదీ లేదు, పాతదీ లేదు. ఉన్నది కూడా పోయింది.

సాయ్‌రాకాన్ ఊరుకుంటుందా?

"పళ్లూడిన గుర్రాన్ని పందేనికి తోలావు కదే. ఉన్నచోట ఉండనిస్తే నీ సొమ్మేం పోయింది?" అంది.

కుముషాయ్‌కి తోచింది ఒక్కటే. గది చల్లగా ఉంది, అదే కారణం, బిగుసుకుపోయింది పాపం అనుకుంది. కంప్యూటర్ పెట్టెను పొయ్యి పక్కకు జరిపి, తొడుగు మీద ఇంకో కంబళి కప్పి, ఆపైన మొగుడు ఇమానాలీ గొర్రెతోలు కోటు కూడా కప్పింది. నాకు రొమ్ము పట్టేసినప్పుడు కూడా ఇంత సేవ చెయ్యలేదు నువ్వు అంటూ ఇమానాలీ చొక్కామీదే గొర్రెల దొడ్డికి పోయాడు. ఈసారి పట్టీ సగం దాకా కూడా రాలేదు. పావు వంతులోనే చచ్చింది.

బెక్తెమిర్‌కు ఫోన్ చేస్తే అతను కూడా చేతులెత్తేశాడు.

"దానికి వయసైపోయిందక్కా. ఎల్లుండే నా ఆఖరి ట్రిప్పు, పైన మంచు మొదలైంది. జిపార్‌ని మూట కట్టుకుని ఉండమనండి."

జిపార్ మూట కట్టుకుంది. అది చూడలేక కుముషాయ్ పశువుల కొట్టంలోకి పోయి, ఆవు మెడమీద తల పెట్టి భోరున ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే సాయ్‌రాకాన్ తన కూతురి పిల్లను ఎత్తుకొచ్చింది. పిల్లకు రాత్రినుంచీ జ్వరం. రెండు స్వెట్టర్లు, శాలువా, వాటన్నిటిమీద తోలుకోటు. ముక్కు కొస తప్ప ఇంకేమీ కనబడటంలేదు. కుముషాయ్‌కి ఒళ్లు మండిపోయింది. ఏటా చలికాలం ఊరి అవ్వలందరికీ చదివే పాఠమే మళ్లీ చదివింది.

"పిల్లకి వైద్యం చేస్తున్నావా, పులుసు పెడుతున్నావా? లోపల అది ఉడికిపోతోందే. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? జ్వరమొస్తే విప్పాలి, చుట్టకూడదు."

తిడుతూనే ఒక్కొక్కటీ విప్పింది. తడిగుడ్డతో ఒళ్లు తుడిచి మందు పట్టింది. కాసేపటికి పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగింది. మెడమీద చెయ్యి పెట్టి చూస్తే వేడి తగ్గుతోంది.

చెయ్యి అక్కడే ఉంది, కుముషాయ్ చూపు మాత్రం పొయ్యి పక్కకు పోయింది. అక్కడ ఉన్ని పరుపు మీద ఉన్ని తొడుగు, తొడుగు మీద కంబళి, కంబళి మీద మొగుడి కోటు. అన్నిటికిందా కంప్యూటర్.

నాలుక కరుచుకుంది. "ఓసి నా బుద్ధి తెల్లారా," అని తనను తానే తిట్టుకుంది. పిల్లను సాయ్‌రాకాన్ ఒళ్లో పడేసి లేచింది. కోటు లాగేసింది, కంబళి లాగేసింది, అత్తగారి తొడుగు మాత్రం దణ్ణం పెట్టుకుని తీసింది. పెట్టె పక్కరేకు ఊడదీస్తే లోపల ఫ్యాన్ కనబడలేదు, దాని చోట ఉన్ని కనబడింది. గాలి పోయే కన్నాలన్నీ ఇన్నేళ్ల ఉన్ని నూగుతో పూడుకుపోయాయి. గాయాలు కుట్టే పట్టకారు తెచ్చి ముద్దలు ముద్దలుగా పీకింది. సాయ్‌రాకాన్ ఆ కుప్పను చూసి, దీంతో పిల్లకో టోపీ వస్తుందే అంది.

"పిల్లకి ఒంటిమీద ఎక్కువైతే నీమీద అరిచాను. నేను మాత్రం దీన్ని ఇన్నేళ్లు ఉడకబెట్టాను," అంది కుముషాయ్.

అని పెట్టెను రెండు చేతులా ఎత్తి తలుపు దగ్గరికి తీసుకుపోయింది. గడప పక్కన, బూట్లు విడిచేచోట, ఉత్త చెక్కబల్ల మీద పెట్టి తలుపు బార్లా తెరిచింది. మంచుగాలి రివ్వున లోపలికొచ్చింది. సాయ్‌రాకాన్ ముక్కున వేలేసుకుంది. ఎంత కోపమొచ్చినా ఆ ఊళ్లో పెద్దలను గడప దగ్గర కూర్చోబెట్టరు.

"పెద్దాయన్ని తీసుకొచ్చి బూట్ల దగ్గర కూర్చోబెడతావా? పరువు తక్కువ కాదూ?"

"పెద్దాయనకి ఉక్కపోస్తోందే. ముందు ఊపిరాడనీ, పరువు తర్వాత చూద్దాం."

దిష్టి పోవడానికి సాంబ్రాణిలా కాస్త జూనిపర్ కొమ్మల పొగైనా వేస్తానంది సాయ్‌రాకాన్. పొగ వేసుకుంటే పెరట్లో వేసుకో, దీని దగ్గరికి తెచ్చావంటే ఊరుకోనంది కుముషాయ్. కబురంది జిపార్ వచ్చింది, ఇమానాలీ వచ్చాడు. తలుపు తీసి ఉంది గనక అందరూ కోట్లు, టోపీలతోనే గదిలో కూర్చున్నారు. పోసిన టీ తాగేలోపే చల్లారిపోతోంది. కుముషాయ్ మళ్లీ మొదలుపెట్టింది. నీలం పట్టీ కదిలింది. పావు వంతు దాటింది. సగానికొచ్చింది. మొదటిసారి చచ్చిన చోటు అదే. కుముషాయ్ జిపార్ చెయ్యి పట్టుకుంది. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. పట్టీ సగం దాటింది, ముప్పావుకొచ్చింది, చివరికంటా పోయింది. పెట్టె ఒకసారి ఆగి మళ్లీ వెలిగింది. తెరమీద ఎవరూ ఎప్పుడూ చూడని కొత్త బొమ్మ వచ్చింది.

యాభై దాటిన మనిషి కుముషాయ్, గదిలో బూట్ల మధ్య చేతులు పైకెత్తి చిందులేసింది. ఇమానాలీ తన కోటు తీసుకుని, ఇక ఇది నాదేనా అని అడిగి మరీ తొడుక్కున్నాడు.

పరికరం తీగ తగిలించింది. జిపార్‌ను పడుకోబెట్టి పొట్టమీద పెట్టింది. ముందు గరగర వినిపించింది. తర్వాత టకటక టకటక, దౌడు తీసే గుర్రపుపిల్ల అడుగుల్లా చప్పుడు. తెర మూలలో ఎసెన్‌బెక్ మొహం కనబడింది.

"అక్కా, నాకిక్కడ బాగా వినిపిస్తోంది. గుండె గట్టిగా ఉంది. జిపార్‌ను అక్కడే ఉంచండి," అన్నాడు.

జిపార్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆఖరి ట్రిప్పులో ఆమె కూర్చోవలసిన సీటులో బెక్తెమిర్ బంగాళాదుంపల బస్తా వేసుకుని పోయాడు. పోతూ పోతూ కంప్యూటర్‌కు ఒక సలాం కూడా కొట్టాడు.

నడిచలికాలంలో, కనుమ పూర్తిగా మూసుకుపోయాక, ఒక ఎండ కాసిన మధ్యాహ్నం జిపార్‌కు నొప్పులొచ్చాయి. మధ్యలో తెరమీద బిడ్డ గుండె గీత ఒక్కసారిగా కిందికి జారింది. పోయినేడాది కుముషాయ్ ఇలాగే ఒంటరిగా నిలబడింది. ఈసారి ఒంటరిగా లేదు. జిపార్‌ను ఎడమవైపు తిప్పండక్కా, కంగారొద్దు, అన్నాడు తెరలోంచి ఎసెన్‌బెక్. తిప్పింది. గీత మెల్లగా పైకి లేచింది, లేచి అక్కడే నిలబడింది. పొద్దు వాలేలోపు ఆడపిల్ల పుట్టి, గది దద్దరిల్లేలా ఏడ్చింది.

మనవరాలి గొంతు వినగానే సాయ్‌రాకాన్ లోపలికి ఉరికొచ్చింది. చేతుల్లో తన కొత్త తోలుకోటు. పిల్లను చుట్టబోయి ఆగింది. గడప పక్కన చెక్కబల్ల మీద, ఒంటిమీద ఏ తొడుగూ లేకుండా కంప్యూటర్ హాయిగా గాలి పీల్చుకుంటోంది. దాన్ని చూసింది, కుముషాయ్‌ని చూసింది.

"ఒక్క దుప్పటి చాలంటావా?" అని అడిగింది.

"చాలు," అంది కుముషాయ్.

సాయ్‌రాకాన్ ఆ కోటు తనే తొడుక్కుంది. ఆ ఊళ్లో శుభవార్త ముందుగా చెప్పినవాళ్లకే ఇంటింటా కానుక దక్కుతుంది కదా, కుముషాయ్‌కి ఆ అవకాశం ఇవ్వకుండా మంచులోకి పరుగెత్తింది.