చలికోటు లోపలి మడత

1993 అక్టోబరులో ఒక శనివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు ఒమాన్‌లోని నిజ్వాలో మా టైలరింగ్ షాపు షట్టరు ఎత్తాను. మధ్యాహ్నం మూసిన షాపులు అక్కడ నాలుగుకు తెరుస్తారు. ఆ రోజు నాకు పది నిమిషాలు ఆలస్యమైంది. లరీసా డాక్టరమ్మ మెట్టు మీద కూర్చుని ఎదురు చూస్తోంది.

ఆమెది రష్యా. అక్కడికి చదువుకోవడానికి వెళ్లిన ఒక ఒమానీని పెళ్లి చేసుకుని నిజ్వా వచ్చింది. ఆస్పత్రిలో పిల్లల డాక్టరు. మలయాళీ నర్సుల దగ్గర నేర్చుకున్న హిందీలో మాతో మాట్లాడేది. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. పేర్లు లేవు, వయసులు మాత్రమే వరసగా రాసి ఉన్నాయి. తన పుట్టిన ఊరి పక్కన అనాథ పిల్లల ఆశ్రమాలు రెండు ఉన్నాయని, దేశం తలకిందులయ్యాక వాటికి ఏదీ సరిగా అందడం లేదని చెప్పింది. డిసెంబరులో సెలవు పెట్టి, ఇద్దరు నర్సులతో కలిసి మందులు తీసుకుని వెళ్తోందట. రెండో ఆశ్రమంలో ఉన్న కోట్లు చిరిగిపోయి, ఈ చలికి నలభై మందికి కోట్లు లేవు. తెలిసినవాళ్లు కంబళ్లు ఇచ్చారు, వాటితో కుట్టిపెట్టగలరా అని అడిగింది.

ఒప్పుకున్నాను. వెళ్లబోతూ ఆమె ఆగింది. "మీరు కూడా రండి మాస్టర్. కోటు సరిపోకపోతే సరిచేయడానికి అక్కడ ఎవరూ లేరు."

షాపులో నా భాగస్వామి ఖాదర్ భాయ్. కడప మనిషి. ఆమె వెళ్లగానే కత్తెర కింద పెట్టాడు. "ఏమి రాజన్నా, ఏసీ కింద కూర్చుంటేనే తుమ్ముతావు, నువ్వు రష్యాకు పోతావా?"

"పోతనే. పదిహేను రోజులే గద. షాపు పైలం."

"పో సామీ పో. గడ్డకట్టినావంటే చెప్పు, ఇస్త్రీ పెట్టె పంపిస్తా."

నిజానికి నాకు ఆ దేశం బొత్తిగా తెలియనిది కాదు. చిన్నప్పుడు మెట్‌పల్లి లైబ్రరీలో రష్యా కథలు తెలుగులో చాలా చదివాను. వాటిలో మంచు ఉండేది. మంచులో తిరిగే పిల్లల కోటు ఎలా కుట్టాలో ఉండేది కాదు.

వయసు చెబితే కొలత ఊహించడం మా పనిలో మామూలే. ఊహ తప్పినా నష్టం లేకుండా లోపల మడత వదులుతాం. చేతుల చివర, కింది అంచులో నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుట్టేస్తాం. పిల్ల ఎదిగితే ఆ కుట్టు విప్పుతారు, గౌను మరో ఏడాది వస్తుంది. మా నాన్న అలాగే కుట్టేవాడు. నలభై కోట్లకూ అదే మడత పెట్టాను. లోపల లైనింగ్ అంటే అస్తరు గుడ్డ వేసి, కాజాలు పెద్దవిగా తీశాను, చేతి తొడుగులతో కూడా బొత్తాలు పెట్టుకోవచ్చని. అది గుర్తొచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

డిసెంబరు మొదటి వారంలో వెళ్లాం. విమానం దిగాక ఒక రాత్రి రైలు, తర్వాత సగం రోజు బస్సు. ఆ రెండో ఆశ్రమం పొడవాటి చెక్క ఇల్లు. బట్టల గది జీనా అనే ఆవిడ చేతిలో ఉండేది. యాభై ఏళ్లు దాటినావిడ, నడుముకు తాళాల గుత్తి. పిల్లలంతా జీనా అత్త అనేవాళ్లు.

ఆమె ఒక కోటు తీసుకుని చేతి అంచు వేళ్లతో నలిపి చూసింది. ఏదో గట్టిగా అంది. డాక్టరమ్మ కాస్త మొహమాటంగా హిందీలో చెప్పింది. "ఈ మడతలో మంచు దూరుతుందట. కరిగి, ఆరక, మళ్లీ గడ్డకడుతుందట. ఇది కుట్టినవాడు మంచు చూసి ఉండడు అంటోంది."

"నిన్ననే చూశానని చెప్పండి," అన్నాను.

జీనా నవ్వలేదు. వేలితో అంచు మీద గీత గీసి చూపించింది. ఇక్కడికి కోసెయ్, అంచు పల్చగా కుట్టెయ్. నలభై కోట్లంటే అక్కడున్న కుట్టు మిషను మీద ఒక రోజు పని. ఆమె చెప్పింది నిజమే. తప్పు నాదే. కత్తెర తీశాను.

కోసే ముందు మొదటి కోటు ట్రయల్ కోసం వేరా అనే పిల్లకు తొడిగాం. తొమ్మిదేళ్లు, చూడటానికి ఏడేళ్ల పిల్ల. చెయ్యి అంచు లోపలికి వేలు పెట్టి, మడత పట్టుకుని ఏదో అడిగింది.

"ఇది ఎందుకని అడుగుతోంది," అంది డాక్టరమ్మ.

"వచ్చే ఏడు చెయ్యి పొడుగైతే విప్పడానికని చెప్పండి."

చెప్పింది. ఆ పిల్ల కాసేపు మడత వైపే చూసి రెండు మాటలు అంది.

"ఏమంటోంది?"

"వచ్చే ఏడు కూడా ఇది నాదేనా అంటోంది."

అప్పుడు తెలిసింది. అక్కడ బట్టలు ఏ పిల్లవీ కావు. సైజుల వారీగా గదిలో ఉంటాయి. బిగుతైతే, లేదా ఇంకో పిల్లకు కావలసి వస్తే జీనా వెనక్కి తీసుకుని వేరేది ఇస్తుంది, విడిచింది ఇంకొకరికి వెళ్తుంది. పోయిన చలికాలంలో వేరా మూడు కోట్లు మార్చింది. ఎదిగే బట్ట కుట్టడం నాకు తెలుసు. బట్ట ఎదగాలంటే అది ఒకరిదై ఉండాలని నాకు ఎప్పుడూ తట్టలేదు. మా ఊళ్లో ఆ మాట ఎవరూ అడగరు.

మా అమ్మాయి లత ఆరేళ్లకు జ్వరంతో పోయింది, నేను ఒమాన్ వచ్చిన రెండో ఏడు. బయల్దేరే ముందు దానికి రెండు గౌన్లు కుట్టి వచ్చాను. సెలవు మీద వెళ్లినప్పుడు చూస్తే ఒకదాని మడత మా ఆవిడ విప్పేసింది. రెండోది నేను కుట్టినట్టే ఉంది.

కత్తెర బల్ల మీద పెట్టాను. మడత తీసేయను, చోటు మారుస్తానని డాక్టరమ్మతో అన్నాను. అంచు నుంచి తీసి పైకి, మోచేతి పైన లైనింగ్ లోపలికి జరిపితే మంచు తగలదు. కింద కూడా అంతే, నడుము దగ్గరికి.

జీనా ఒప్పుకోలేదు. "దేనికి? మార్చిలో ఈ కోటు ఇంకో పిల్లకు వెళ్తుంది."

"వెళ్లకుండా ఉంటే రెండు చలికాలాలు వస్తుంది. రెండో ఏడు మీరు కోట్ల కోసం వెతుక్కునే పని లేదు."

"విప్పేదెవరు? నాకున్నవి రెండు చేతులు."

"పిల్లలే విప్పుకుంటారు."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, వెళ్లి టీ తెచ్చింది. టీ తాగుతూ డాక్టరమ్మతో చాలాసేపు మాట్లాడింది. చివరికి ఒక మాట ఇచ్చింది. మడత ఉన్నంతకాలం కోటు చేతులు మారదు. మడత అయిపోయాక తన పద్ధతే.

మిషను పక్కన పెట్టాను. మిషను కుట్టు విప్పాలంటే కత్తెర కావాలి, గుడ్డ తెగే భయం ఉంటుంది. చేత్తో కచ్చా కుట్టు వేశాను. కచ్చా కుట్టంటే అసలు కుట్టుకు ముందు గుడ్డ కదలకుండా వేసే పొడుగు కుట్టు. బూడిదరంగు కంబళి మీద కనిపించాలని ఎర్ర దారం వాడాను. లైనింగ్ అంచు కింద ఒక ముడి వదిలాను. ముడి పట్టుకుని లాగితే దారమంతా వచ్చేస్తుంది. నలభై కోట్లకు నాలుగు రోజులు పట్టింది. మూడో రోజు నుంచి జీనా కూడా సూది పట్టుకుంది. ఆమె కుట్టు నా కుట్టు కంటే సన్నం. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు చూపించింది కూడా.

ముడి లాగడం వేరాకు నేర్పాను. నేర్పిన వెంటనే లాగేసింది. మళ్లీ కుట్టి, "ఇప్పుడు కాదు, వచ్చే ఏడు," అన్నాను. తెలుగులోనే అన్నాను. తలూపింది.

1995 ఆగస్టులో డాక్టరమ్మ తన ఊరు వెళ్లి వచ్చింది. షాపుకు వచ్చి బల్ల మీద ఒక కవరు పెట్టింది. అందులో ముడతలు పడిన రెండు ఎర్ర దారాలున్నాయి.

ఖాదర్ భాయ్ వాటిని వేలికి చుట్టి చూశాడు. "ఏమి రాజన్నా, దారం ముక్కలకు ఇంత దూరం నుంచి కవరా?"

"వేరా చేతులవి రెండూ పోయిన చలికాలంలో లాగేసింది," అంది డాక్టరమ్మ. "నడుము దగ్గరిది ఇంకా ఉంది. అది తర్వాత పంపుతుందట."

ఖాదర్ భాయ్ దారాలు వేలి నుంచి జాగ్రత్తగా విప్పి కవరులో పెట్టాడు. అతనికి లత సంగతి తెలుసు.

మూడో దారం రాలేదు. ఆ మరుసటి ఏడు డాక్టరమ్మ కుటుంబం మస్కట్ మారింది. ఆమె దగ్గర్నుంచి కబురు ఆగిపోయింది. వేరా ఎదిగి అది కూడా లాగే ఉంటుందని అనుకుంటాను. నాకు తెలియదు.

కొలత అంటే ఒళ్లు, ఎదిగే ఒళ్లైతే నాలుగు వేళ్లు ఎక్కువ, అంతే అని ఇరవై ఏళ్లు అనుకున్నాను. పిల్లల బట్ట కొలత అంతటితో అయిపోదని ఆ పిల్ల అడిగిన దాని వల్ల తెలిసింది. వచ్చే ఏడు కూడా నువ్వు ఉంటావు, ఇది నీ దగ్గరే ఉంటుంది అని మడత చెబుతుంది. చెప్పినంత మాత్రాన జరగదు. అయినా నేను కుట్టినన్నాళ్లూ మడత వదిలాను. ఆ దారాలు వచ్చాక సెలవుకు వెళ్లినప్పుడు లత రెండో గౌను మా పక్కింటి పిల్లకు ఇవ్వమని మా ఆవిడకు చెప్పాను. ఆ మడత వాళ్లమ్మే విప్పింది.

మా షాపు ఉన్న చోట ఇప్పుడు రెడీమేడ్ బట్టలు అమ్ముతున్నారు. పిల్లల చొక్కా తిరగేసి చూస్తే లోపల ఒక వేలి గుడ్డ కూడా ఉండదు. మడత ఇప్పుడు ఎవరూ వదలడం లేదు.