మల్లిగకు ముందు నడిచిన రోజు

గురువారం ఉదయం ఆరూ నలభైకి మా రెండు లారీలు, ఒక అంబులెన్సు పుదుచ్చేరికి దక్షిణాన ఉన్న కిరుమాంబాక్కం చేరాయి. నవంబరు ఆఖరు. తుఫాను తీరం దాటి ఒకటిన్నర రోజయింది. గాలి తగ్గింది, సన్నటి వాన మాత్రం ఆగలేదు. కడలూరు రోడ్డుకు రెండు పక్కలా వరిచేలు ఉండాల్సిన చోట నీళ్లే ఉన్నాయి. కరెంటు స్తంభాలన్నీ ఒకే వైపుకు వాలి ఉన్నాయి.

నేను అప్పుడు మేజరును. సైన్యంలో నర్సింగు సర్వీసు. చెన్నై నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాం. మా జట్టులో ఒక డాక్టరు కెప్టెన్, నేను, ఇద్దరు నర్సింగు అసిస్టెంట్లు, ఒక వైర్‌లెస్ జవాను, ఒక హవల్దారు, ముగ్గురు డ్రైవర్లు, ఆరుగురు జవాన్లు. మొత్తం పదిహేను మంది. నన్ను ఎంపిక చేయడానికి ఒకటే కారణం. మాది పుదుచ్చేరి. నాలుగు తరాలుగా మా వాళ్లు అక్కడి బజారులో బట్టల వ్యాపారం చేశారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. జట్టులో ఆ రెండూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

హోదాలో నేను పైనున్నా జట్టు బాధ్యత డాక్టరు కెప్టెన్‌దే. ఆయన ఉత్తర్వు చిన్నది. ఊరి కల్యాణ మండపాన్ని ఆసుపత్రి చేయాలి. పెద్ద హాలు వార్డు, భోజనాల హాలు మందుల గది. ఎనిమిదింటికి రోగులను చూడడం మొదలు. నాలుగు స్ట్రెచర్లు, రెండు గ్లూకోమీటర్లు, సెలైను, ధనుర్వాతం సూదులు, ఫినాయిలు దింపించి భోజనాల హాలు తలుపు తీశాను.

లోపల నాలుగు గుర్రాలు ఉన్నాయి.

ఒకటి తెల్లటి ఆడగుర్రం. ఒకటి నల్లగా, సన్నగా, చెవులు వెనక్కి పెట్టుకొని ఉంది. రెండు పొట్టి గుర్రాలు ఒకదాని మీద ఒకటి తల పెట్టుకొని నిద్రపోతున్నాయి. గోడవారన ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడమనిషి కూర్చుని ఉన్నారు. ఇవి ఎవరివి అని తమిళంలో అడిగాను.  ఆ ఆడమనిషి పక్కనున్న ముసలాయన వైపు తిరిగి తెలుగులో అంది.

"ఈ మిలిటరీయమ్మ మనల్ని తరిమేదానికే వచ్చినట్టుండాది మామా. మూతి చూడు, ఉలవలు వొద్దన్న గుర్రం మాదిరి."

"తరమను," అన్నాను నేను తెలుగులోనే. "బయట స్కూటర్లు పెట్టే షెడ్డు ఉంది. అక్కడికి మార్చుకోండి. ఎనిమిదింటికి ఈ నేల కడగాలి."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ముసలాయన భుజాలు కదిలేలా నవ్వాడు. ఏడుంబావుకల్లా గుర్రాలు షెడ్డులో ఉన్నాయి. నేల వాళ్లే కడిగారు.

ఆ షెడ్డు మందుల గది కిటికీకి ఆనుకునే ఉండేది. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా నాకు విరామం. ఆ గంట ఇనుప పెట్టె మీద కూర్చుని టీ తాగుతూ వాళ్ల మాటలు వినేదాన్ని. రెండో రోజుకు ఆ పెట్టెను షెడ్డులోకే మార్చుకున్నాను.

ఆమె పేరు ధనలక్ష్మి. రెండు పొట్టి గుర్రాలను సముద్రపు ఒడ్డున పిల్లల సవారీకి తిప్పుతుంది. నల్లది రంగనాథానిది. అతనికి పుదుచ్చేరి బజారులో కొట్టు, టౌను అంచున ఫ్యాక్టరీలుండే తట్టాంచావడిలో పాత వర్క్‌షాపు షెడ్డు ఉన్నాయి. గుర్రబ్బండ్ల పందేలంటే ప్రాణం. పచ్చిగడ్డి కొనడానికి ఈ ఊరు వచ్చి తుఫానుకు చిక్కుకుపోయాడు. తెల్లటి ఆడగుర్రం పేరు మల్లిగ. అది కె. గోవిందసామి మామది. పెళ్లి ఊరేగింపులకు ఇస్తాడు. ఆ మండపంలో జరిగే పెళ్లిళ్లకు ఎక్కువగా అదే వెళ్లేది కాబట్టి తుఫాను నాడు కాపలాదారు వీళ్లకు తలుపు తీశాడు.

ఊరు మునిగి ఉంది. వాళ్లు మాట్లాడుకునేది మాత్రం గడ్డి గురించి, గిట్టల గురించి. తడి నేల మీద నిలబడితే గిట్ట మెత్తబడుతుందని పాత చీర ముక్కలతో పూటకోసారి తుడిచి వేపనూనె రాసేవాళ్లు. ఎవరి కోళ్లు దూలాల మీద గుడ్లు పెట్టాయో, ఎవరి వరికుప్ప పక్కూరి చేలో తేలిందో చెప్పుకొని నవ్వేవాళ్లు. రంగనాథం ఆదివారాలు ఫ్యాక్టరీలు మూసి ఉన్నప్పుడు తట్టాంచావడి రోడ్డు మీద నల్లదాన్ని ఎక్కి దౌడు తీయిస్తాడట. ఇప్పటికి ఎన్నిసార్లు పడ్డాడో అతను ఒక లెక్క చెప్పాడు, ధనలక్ష్మి ఇంకో లెక్క చెప్పింది. ఆమె లెక్కే ఎక్కువ. ఏ పిల్ల జీను మీద కూర్చోగానే ఏడుస్తుందో తన పొట్టివాటికి ముందే తెలుస్తుందని, అలాంటి పిల్ల కనపడితే రెండూ సముద్రం వైపుకు తిరిగి నిలబడతాయని చెప్పింది.

మా హవల్దారుకు భాష రాదు. మిగిలిన రొట్టెలు తెచ్చి గుర్రాలకు పెట్టి, అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వి వెళ్లేవాడు.

శుక్రవారం సాయంత్రం నేను గోవిందసామి మామను అడిగాను, మల్లిగ సవారీకి ఎలా ఉంటుందని. ఆయన గడ్డి దులుపుతున్నాడు.

"మామ ఎక్కితే కదా చెప్పేదానికి," అంది ధనలక్ష్మి. "ఇన్నేండ్లలో ఒక్కనాడూ ఎక్కలే."

"అది పెండ్లికొడుకు కూర్చునే తావమ్మా," అన్నాడాయన. "నాకేంది అక్కడ పని? నేను ముందర నడిచేవాణ్ణి."

"మీ పెళ్లికన్నా ఎక్కారా లేదా మామా?" అని రంగనాథం గుచ్చాడు.

"నా పెండ్లికి నడిచే పోయినా. అత్తగారిల్లు నాలుగిండ్ల అవతల. గుర్రం ఎక్కేలోపల ఇల్లు వచ్చేస్తాది."

ఆయన నవ్వుతూ లేచి రెండడుగులు వేశాడు. కుడి పాదాన్ని నేల మీద పూర్తిగా ఆనించడం లేదు. గోనెగుడ్డ చుట్టి ఉంది. చూస్తానంటే రేకు గీసుకుంది, మానిపోతుందని షెడ్డు చివరికి వెళ్లిపోయాడు. శనివారం ఉదయం వార్డుకు పిలిపించి ఆ గుడ్డ నేనే విప్పాను. విప్పకముందే వాసన తెలిసింది. తుఫాను నాడు మల్లిగను విప్పుకొని వచ్చేటప్పుడు ఎగిరొచ్చిన రేకు తగిలిందట. బొటనవేలు నల్లబడింది. ఎరుపు చీలమండ దాటింది. రక్తంలో చక్కెర నాలుగువందల పన్నెండు. తనకు చక్కెర జబ్బు ఉందని ఆయనకు ఆ రోజే తెలిసింది.

కెప్టెన్ చూసి నన్ను పక్కకు పిలిచాడు. సూదిమందులు మొదలుపెట్టమన్నాడు. రేపు మధ్యాహ్నంలోగా ఆపరేషను బల్ల మీద ఉండాలి, లేకుంటే మోకాలి కింద తీసేయాల్సి వస్తుందన్నాడు. ఆపరేషను చేయగల పెద్దాసుపత్రి పుదుచ్చేరి టౌనులో ఉంది. మా అంబులెన్సు కూడా అటువైపే ఉంది. ముందు రోజు ఒక గర్భిణిని తీసుకొని వెళ్లింది. అది వెళ్లిన గంటకు ఊరికి ఉత్తరాన ఉన్న కల్వర్టు కొట్టుకుపోయింది. రోడ్డు మధ్యన నలభై మీటర్ల నీళ్లు. తొడల నుంచి నడుము దాకా లోతు, కింద విరిగిన తారు పెళ్లలు. పడవలు తూర్పు పల్లెలకు వెళ్లాయి.

కానీ ముందు ఆయన ఒప్పుకోవాలి. షెడ్డుకు వెళ్లి చెప్పాను. ఒప్పుకోలేదు.

"నేను పోతే దీనికి గడ్డి ఎవురు పెడతారు?"

ధనలక్ష్మి తాను పెడతానంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. పోయినేడు తిరుపతికి వెళ్లి రెండు రోజులకు వచ్చేసరికి మల్లిగ గడ్డిపోచ ముట్టలేదట. వదిలి పోయేది లేదన్నాడు.

"కాలు పోతే పోనీలేమ్మా. ఇంకో కాలుండాది కదా."

"ఒక కాలితో ఊరేగింపు ముందు ఎట్లా నడుస్తావు మామా?" అన్నాను. నా గొంతు కాస్త పెద్దదే అయింది.

 ఆయన మల్లిగ మెడ కింద చెయ్యి పెట్టాడు. రంగనాథం మాట్లాడాడు. ఈసారి గుచ్చడానికి కాదు.

"మల్లిగను కూడా దాటిద్దాం మామా. నా షెడ్డు పొడిగానే ఉండాది, ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కొన్నా. దినమూ సాయంత్రం ఆసుపత్రి గేటు కాడికి తోలుకొస్తా. మీరు కిటికీలోంచి ఒక మాట పలకండి. అది తింటాది."

మామ మల్లిగను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "సరి," అన్నాడు.

ఇక దాటించే పద్ధతి. ఆ సాయంత్రమే ఒక ముసలమ్మను స్ట్రెచరు మీద దాటిస్తూ మా జవాన్లు ఇద్దరు గుంటలో జారారు. ఆమెకు తడవడం తప్ప ఏమీ కాలేదు. ఈ పాదానికి ఆ మురికినీళ్లు తగలకూడదు. గుర్రం వీపు నీళ్లకు చాలా ఎత్తున ఉంటుంది. మల్లిగ మీదే ఎక్కించి పంపుతానని కెప్టెన్‌కు చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి సరేనన్నాడు. ఎక్కనన్నది మామ ఒక్కడే.

"ఇప్పుడన్నా పెండ్లికొడుకువి కా మామా," అంది ధనలక్ష్మి. "చూసేదానికి మేముండాము."

ఆదివారం ఉదయం ఏడూ ఇరవై. తుంపర. కట్టు మీద రెండు ప్లాస్టిక్ కవర్లు వేసి టేపు చుట్టాను. మామ దగ్గర ఉన్న జీను ఒకటే, పెళ్లి జీను. ఎర్ర మఖమలు, జరీ అంచు, చిన్న చిన్న అద్దాలు. ఎక్కే ముందు ఆ జీనును వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాడు. ఇద్దరు జవాన్లు ఎత్తి కూర్చోబెట్టి, కుడి కాలిని నీళ్లు తగలకుండా మడిచి జీను మీదే ఆనించారు. వైర్‌లెస్ పలికింది.

"అంబులెన్సు అవతలి గట్టున ఉంది. స్ట్రెచరు సిద్ధం. ఓవర్."

"పేషెంటు గుర్రం మీద వస్తున్నాడు. ఓవర్," అన్నాడు మా జవాను.

కొంచెం సేపు గరగర. "మళ్లీ చెప్పు. ఓవర్."

మల్లిగ కదల్లేదు. రంగనాథం కళ్లెం పట్టి లాగాడు. ధనలక్ష్మి నాలుకతో చప్పుడు చేసింది, మెడ తట్టింది, బెల్లం చూపించింది. అది చెవులు ముందుకు పెట్టి రోడ్డునే చూస్తూ నిలబడింది. నీళ్లకు భయపడి కాదు. ముందు కాళ్లు అప్పటికే నీళ్లలో ఉన్నాయి.

"అది నా కోసం చూస్తా ఉండాది," అన్నాడు మామ పైనుంచి.

"మీరు దాని మీదే ఉన్నారు కదా," అన్నాను.

"దానికి తెలిసిన నేను ఎప్పుడూ ముందరే కదమ్మా."

పుట్టినప్పటి నుంచి గుర్రాలతో ఉన్న ముగ్గురు అక్కడ ఉన్నారు. రాత్రంతా జీను గురించి, నీళ్ల లోతు గురించి మాట్లాడుకున్నారు. ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. మామ తన భుజం మీది ఎర్ర తుండు తీసి నాకు అందించాడు. ఊరేగింపులో బాణసంచా పేలినా డప్పులు మోగినా అది ఆ తుండునే చూస్తూ నడుస్తుందట.

"ఎడమ భుజం మీద వేసుకో. నా అంత ఎత్తు ఉండేది నువ్వే. వెనక్కి తిరగొద్దు. నువ్వు తిరిగితే అది ఆగుతాది."

యూనిఫాం మీద ఎర్ర తుండు వేసుకున్నాను. హవల్దారు ఆకాశం వైపు చూశాడు. లాఠీతో ముందు నేల తడుముకుంటూ నీళ్లలోకి దిగాను. ఐదడుగులు వేశాక వెనక నీళ్ల చప్పుడు మొదలైంది. తర్వాత నా మెడ మీద వేడి ఊపిరి. వెనక గట్టు మీద ధనలక్ష్మి నోటితో మేళం వాయించడం మొదలుపెట్టింది. ముందు నాదస్వరం, తర్వాత డోలు. రెండూ ఆమే. మా జవాన్లలో ఒకడు టిన్నుడబ్బా మీద తాళం వేశాడు. నీళ్లు తొడలకు వచ్చాయి, నడుముకు వచ్చాయి, మళ్లీ మోకాళ్లకు దిగాయి. ఏడూ యాభై ఒకటికి మేం అవతలి గట్టు ఎక్కాం. కవరు మీద ఒక్క చుక్క బురద లేదు.

నల్లదాన్ని ధనలక్ష్మికి అప్పగించి రంగనాథం మా వెనకే దాటాడు. తుండును అతనికి ఇచ్చాను. అతను దాన్ని భుజాన వేసుకొని నడిచాడు. అంబులెన్సు వెనకే మల్లిగ కూడా నడిచింది.

ఆపరేషను పదకొండింటికి జరిగింది. రెండు వేళ్లు తీశారు. పాదం నిలిచింది. సోమవారం రాత్రి రంగనాథం ఫోన్ చేశాడు. మొదటి సాయంత్రం మల్లిగ ఏమీ ముట్టలేదని, రెండో సాయంత్రం మామను కిటికీ దగ్గరికి చక్రాల కుర్చీలో తెచ్చారని, ఆయన గేటు అవతలికి వినపడేలా తిట్టాడని, అది తలవంచుకొని గడ్డి తిన్నదని చెప్పాడు. ఏమని తిట్టాడో చెప్పమని ధనలక్ష్మి నా ఫోన్ లాక్కుంది. విని, చాలాసేపు నవ్వి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

మా జట్టు ఆ తర్వాత ఐదు రోజులు ఉంది. కల్వర్టు మీద ఇనుప వంతెన వేశారు. శనివారం మధ్యాహ్నం రెండింటికి తిరుగు ప్రయాణం. మిగిలిన సామాను లెక్కచూసి ఎక్కించాను. నీళ్లలో పోయిన ఒక స్ట్రెచరు తప్ప అన్నీ సరిపోయాయి. ధనలక్ష్మి లారీ పక్కన పొట్టి గుర్రాలు రెంటినీ వరుసలో నిలబెట్టి, వాటితో నాకు సెల్యూట్ చేయించాలని చూసింది. అవి గడ్డి తింటూ ఉండిపోయాయి. మరుసటి ఏడు నేను పదవీ విరమణ చేసి పుదుచ్చేరికే వచ్చేశాను.

మంచు కొండల్లో పనిచేశాను. సరిహద్దు ఆసుపత్రుల్లో పనిచేశాను. ఎవరైనా సైన్యం గురించి అడిగితే నాకు ముందు కనపడేది అవేవీ కాదు. ఆ నీళ్ల నడుమ, లోతు నడుముకు వచ్చిన చోట, నా మెడ మీద ఊపిరి ఆగిపోయింది. గిట్టల చప్పుడు ఆగింది. తిరగొద్దని చెప్పినా తిరిగి చూశాను. మల్లిగ నన్ను చూడటం లేదు. మెడను పూర్తిగా పక్కకు వంచి, ప్లాస్టిక్ చుట్టిన పాదాన్ని, ఆపైన మోకాలిని మెల్లగా వాసన చూస్తోంది. వాన జరీ అద్దాల మీద పడుతోంది. మామ ముందుకు వంగి దాని రెండు కళ్ల మధ్య అరచెయ్యి పెట్టాడు.

"నేనేమ్మా," అన్నాడు. "నడువు."