అమావాస్య సెలవు

మా ఇనుము, సిమెంటు కొట్టుకు నెలకు ఒక్కటే సెలవు: అమావాస్య. మా నాన్న పెట్టిన పద్ధతి. ఆ రోజు తిరువూరు చుట్టుపక్కల తాపీ మేస్త్రీలు పనిలోకి దిగరు, కొత్తగా ఎవరూ పునాది తీయరు. షట్టరు ఎత్తినా ఈగలు తోలుకోవడమే. ఎటూ అమ్మకం లేని రోజును పనివాళ్ళకు సెలవుగా ఇచ్చి, దానికి మంచిపేరు కూడా పుచ్చుకున్నాడాయన. బేరం తెలిసిన మనిషి. నేనూ ఆయన కొడుకునే.

చిక్కేమిటంటే, నాకు తీరిక దొరికే ఆ ఒక్కరోజే మా ఇంట్లో ఏ మంచిపనీ మొదలుపెట్టరు. పెళ్ళిచూపులకు వెళ్ళరు, ప్రయాణం కట్టరు.

నా భార్య చూపులో తేడా మొదట వంటింట్లో కనిపించింది. పక్కనున్న మంచినీళ్ళ గ్లాసును మోచేత్తో తోసేసేది. ఎదురుగా పెట్టిన పేపర్లో చిన్న అక్షరాలు మాత్రం గడగడా చదివేది. అందుకని నేను ఎగతాళి చేశాను. ఆ తర్వాత బస్టాండు దగ్గర రోడ్డు దాటుతూ, పక్కనుంచి వచ్చే షేర్ ఆటోను చూసుకోలేదు. ఆటో అతను బ్రేకు వేసి తిట్టి పోయాడు. కళ్ళజోళ్ళ షాపాయన పరీక్ష చేసి, "కంట్లో ప్రెజరు చూపించాలండి, ఆలస్యం చెయ్యకుండా విజయవాడ తీసుకెళ్ళండి" అన్నాడు.

"సోమవారం వెళ్దామండీ" అంది ఆవిడ.

"సోమవారం ఎ.కొండూరు వాళ్ళు స్లాబు వేస్తున్నారు. ఇనుము నేను దగ్గరుండి ఎక్కించకపోతే గోల. గురువారం చూద్దాం."

"గురువారం ఖాయమేనా?"

"ఖాయమంటే... సిమెంటు లోడు రాకపోతే."

"పోనీ ఒక్క పూట కుదరదా?"

"పూటంతా వెళ్ళి రావడానికే సరిపోతుంది. అమావాస్యకైతే రోజంతా నీదే, పో!"

ఒక్క పూట అడిగిన మనిషికి రోజంతా ఇచ్చాను. ఎంత ధారాళమో చూడండి.

అమావాస్య రానే వచ్చింది. చెప్పులు వేసుకుంటుంటే లోపల్నుంచి మా అమ్మ కేకేసింది. "అమావాస్య పూట ఆసుపత్రి గడప తొక్కుతార్రా ఎవరైనా? అందులోనూ కళ్ళ సంగతి! పాడ్యమి కూడా వద్దు, విదియనాడు వెళ్ళండి."

విదియకు కొట్టు నిండా జనముంటారని నాకు తెలుసు. అయినా చెప్పులు విప్పేశాను. నిజం చెప్పాలంటే, మా అమ్మ మాట నాకు అంత కమ్మగా ఎప్పుడూ వినిపించలేదు. హాయిగా పడుకున్నాను.

మధ్యాహ్నం విస్సన్నపేట నుంచి ఫోను వచ్చింది. ఎవరిదో తోటలో బోరు పైపు పగిలిందట, చెట్లకు నీళ్ళు లేవట. లేచి, వెళ్ళి షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరి పైపులు తీసి ఇచ్చి వచ్చాను. సెలవు రోజని రేటులో పైసా తగ్గించలేదు కూడా.

తిరిగొచ్చేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"పైపులకు పట్టింపు లేదేంటండీ అమావాస్య?"

నవ్వేశాను. బేరంలో జవాబు దొరకనప్పుడు నేను చేసే పని అదే.

అలా ఇంకొన్ని అమావాస్యలు గడిచాయి. ఒకసారి అడ్వాన్సు ఇచ్చిన పార్టీ వచ్చింది, ఒకసారి నాకే జ్వరం. ఆవిడ అడగడం మానేసింది. అడగడం మానేసిందంటే తగ్గిందేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సౌకర్యంగా ఉంది.

చివరికి ఒక అమావాస్యనాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. చూస్తే, చేతిసంచీతో గోడ పట్టుకుని మెట్లు దిగుతోంది. "బస్సుకి వెళ్తున్నా. వస్తే రండి" అంది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెనకే పరుగెత్తాను.

విజయవాడలో డాక్టరు నా భార్య తలను ఒక యంత్రానికి ఆనించి, లోపల వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. నేను పక్కన నిలబడి ఆవిడ బొటనవేలే చూస్తున్నాను. చాలాసేపు అది కదలనే లేదు.

తర్వాత కాగితం చూపించాడు. చుట్టూ నలుపు, మధ్యలో కాస్త తెలుపు. "నీటికాసులండి, గ్లాకోమా అంటారు. ఈ నల్లగా ఉన్నంత మేరా చూపు పోయింది. అది తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవాలి."

"ఎంతో కొంత రాదా సార్?"

"రాదండి."

"పోనీ, ఒక కంటికైనా?"

ఆయన విసుక్కోలేదు. "రాదండి" అని మళ్ళీ అదే గొంతుతో చెప్పాడు. నా జన్మలో ఎవరి దగ్గరా ఒకే ధర మీద ఆగిపోలేదు. కాగితం మడతపెట్టాను.

బయట కౌంటరులో ఉన్న అమ్మాయి, "వచ్చే బుధవారం లేజర్ చేస్తారండి, పొద్దున్నే వచ్చెయ్యండి" అంది.

"బుధవారమంటే మాకు లోడు దిగుతుందమ్మా, కాస్త అటూ ఇటూ..."

ఆ మాట అన్నది నేనేనని నాకు తర్వాత తెలిసింది. పక్క కుర్చీలో ఉన్న నా భార్య మెడ మొత్తం తిప్పింది. పక్కనున్న మనిషి కనపడాలంటే ఇప్పుడు ఆవిడ అలాగే తిరగాలి. కాసేపు వెతుక్కుని నా మొహం పట్టుకుంది.

"ఇంకా ఎంత తగ్గిస్తారండీ?" అంది. కోపంగా కాదు. కొనేవాళ్ళు విసిగిపోయి లేచేముందు అడిగినట్టు.

"బుధవారమే రాయమ్మా" అన్నాను.

ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆసుపత్రి మెట్లు దిగుతుంటే జేబులో ఫోను మోగింది. తీయలేదు. తీయలేదు గానీ, అది మోగినంతసేపూ ఎవరై ఉంటారా, ఎంత ఇనుము అడుగుతారా అనే ఆలోచించాను. ఆవిడేమో చివరి మెట్టు ఎక్కడుందో కాలితో తడుముకుంటోంది.