కనబడనిది చెప్పు

మా వదినకు ఒకే ఒక్క జబ్బు ఉంది. రాత్రి భోజనం పెడుతుంది గానీ, అందులో ఏం వేసిందో చెప్పదు. మనమే తిని కనిపెట్టాలి. కనిపెట్టలేకపోతే గిన్నెలు మనమే తోమాలి. ఈ ఇంట్లో గిన్నెలు తోమడంలో నన్ను మించినవాడు లేడని వేరే చెప్పక్కర్లేదు.

వదిన దర్జీ. సాయంత్రం కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, మార్కెట్లో చవగ్గా మిగిలిన కూరలేవో సంచీలో వేసుకుని వస్తుంది. అరగంటలో వంట అయిపోతుంది. గుడ్డముక్క పారెయ్యని మనిషి కూరముక్క పారేస్తుందా? నిన్నటి అన్నం ఇవాళ గుడ్డుతో కలిసి బిళ్ళలై పెనం ఎక్కుతుంది. మొన్నటి బంగాళాదుంపలు పాలకూరలో దూరి సూపవుతాయి. ఎండిన బ్రెడ్డు టమాటాల కింద పరుపులా పడుకుంటుంది. ఖర్చు తక్కువ, రుచి బాగుంటుంది, కాదంటే కళ్ళు పోతాయి. కానీ ఆకలితో నకనకలాడుతూ వచ్చినవాణ్ణి పరీక్షకు కూర్చోబెడితే ఎలా?

"వదినా, ఇది క్యాబేజీయే కదా?"

"క్యాబేజీ కనబడుతూనే ఉంది. కనబడనిది చెప్పు."

"వెల్లుల్లి."

"అది వాసనొస్తోంది. వాసన రానిది చెప్పు."

"కనబడక, వాసన రాక, ఇంకేం మిగిలింది వదినా? గాలా?"

"గిన్నెలు నానబెట్టాను. సబ్బు కిటికీలో ఉంది."

అది యాపిలట. క్యాబేజీలో యాపిల్ ఉంటుందని ఏ తల్లి కన్నబిడ్డ ఊహిస్తాడు? పగలంతా ప్రెస్సులో ఊళ్ళోవాళ్ళ తప్పులు పట్టి దిద్దే ఉద్యోగం నాది. ఇంటికొస్తే ఒక్క కూరముక్కను పట్టలేను.

నాతో పాటు ఈ పరీక్షకు కూర్చునేవాళ్ళు మా నాన్న, మా అన్నయ్య. నాన్న గడియారాలు బాగుచేసి చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. అన్నయ్య బస్సు డ్రైవరు. ఇద్దరికీ మాటల్లేవు. నాన్న ఎప్పటికైనా బాగుచేద్దామని దాచుకున్న పాత రేడియోను, ఇల్లు సర్దుతూ అన్నయ్య పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. తప్పయిందని చెప్పబోతే నాన్న గోడవైపు తిరిగాడు. అన్నయ్య మాత్రం తక్కువ మొండివాడా, రెండోసారి వెళ్ళలేదు. అప్పటినుంచి వాళ్ళ కబుర్లన్నీ నా మీదుగానే నడుస్తాయి.

"ఫ్యాను తగ్గించమను వాణ్ణి."

"రెగ్యులేటరు పోయింది, తగ్గదని చెప్పు."

ఒకే గదిలో ఇద్దరి మధ్యా నేను పోస్టుమాన్‌ని. దీనికి తోడు భోజనం దగ్గర వదిన పరీక్ష.

"గుమ్మడికాయ" అంటాడు నాన్న గోడతో.

"క్యారెట్" అంటాడు అన్నయ్య పళ్ళెంతో.

"క్యారెట్‌కి ఇంత పీచుంటుందా?" గోడకు ప్రశ్న.

"ముదిరితే ఉంటుంది." పళ్ళానికి జవాబు.

వాళ్ళు తేల్చుకునేసరికి నా అన్నం చల్లారిపోతుంది. ఒకరోజు నా ఓపిక నశించింది.

"రేపు వంట నేను చేస్తాను వదినా. అన్నం, ఉడికించిన గుడ్లు, వేయించిన బీన్స్. ఏది వండితే అదే కనబడుతుంది."

"చెయ్యి. కానీ..." అని ఏదో అనబోయి, "సరే, నీ ఇష్టం" అంది.

మర్నాడు గర్వంగా వడ్డించాను. గుడ్లు గుడ్లలాగే ఉన్నాయి. అడగడానికేమీ లేదు. నాన్న తిన్నాడు, అన్నయ్య తిన్నాడు. ఎవరూ నోరు విప్పలేదు. గోడకూ పళ్ళానికీ కూడా ఆ రోజు సెలవే. నాన్న సగంలోనే పళ్ళెం జరిపి, లేవడానికి బల్ల మీద చెయ్యి ఆనించాడు. అన్నయ్య తలెత్తి, ఏదో అనబోయి, ఆ మాటను ముద్దతో పాటు మింగేశాడు.

వదిన నాన్న చేతివైపే దిగులుగా చూస్తోంది. అప్పటికి వెలిగింది నా బుర్ర. రోజుకొక్కసారైనా ఈ ఇద్దరి నోళ్ళూ తెరిపించడానికి ఆవిడ ఇన్నాళ్ళూ కూరలో ఏదో ఒకటి దాచిపెడుతూ వస్తోంది. నేనేమో గిన్నెల గురించి ఏడుస్తున్నాను.

"నాన్నా, అప్పుడే లేవకు. బీన్స్‌లో ఒకటి కలిపాను. అదేంటో చెప్పి లే" అన్నాను.

నేను కలిపిందేమీ లేదు. నాన్న మళ్ళీ కూర్చుని, రెండు ముక్కలు నమిలాడు.

"మిరియాలు" అన్నాడు గోడతో.

"నిమ్మరసం" అన్నాడు అన్నయ్య పళ్ళెంతో.

"నిమ్మరసమైతే పుల్లగా ఉండదూ?"

"వేసింది వీడు. వీడి పిసినారితనం తెలిసిందే కదా."

"తెలియకేం. అయినా మిరియాలే. నీకు చిన్నప్పటినుంచీ నాలుక లేదు."

"నాకు నాలుక లేదా నాన్నా? మొన్న పాలు విరిగాయని ముందు చెప్పిందెవరు?"

నాన్న గోడను వదిలేశాడు. అన్నయ్య పళ్ళెం వదిలేశాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, హాయిగా పోట్లాడుకుంటున్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. వదిన నవ్వు కనబడకుండా మంచినీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకుంది.

"ఎవరిది కరెక్టురా?" అన్నాడు నాన్న చివరికి.

ఒకరిది కరెక్టంటే రెండోవాడు అలుగుతాడు. "ఇద్దరూ తప్పే. పోయి గిన్నెలు తోమండి" అన్నాను.

తోమడానికి వెళ్ళారు. వంటింట్లోంచి మిరియాల గురించి వాదన వినబడుతూనే ఉంది.

వదిన నా పక్కకు వంగి, "అందులో ఏమీ వెయ్యలేదు కదూ?" అంది.

"లేదు వదినా."

"తెలుస్తూనే ఉంది. ఉప్పు కూడా వెయ్యలేదు."